ఆదరణ కూడికలో ఏం చెప్పాలి?

సమస్య

గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ గ్రామ సంఘం. ఆ సంఘంలో 40 ఏళ్లు నిండని ఒక కుటుంబ పెద్ద షుగరు జబ్బుతో చనిపోయాడు. పొరుగూరి స్వస్థత సభల్లో తనకు నయమైందని నమ్మి, అంతకు కొన్ని రోజుల ముందే ఇన్సులిన్ ఆపేశాడు. ఆయన భార్య సంఘ కాపరిని అడుగుతున్నది ఒక్కటే: "మా విశ్వాసం చాలలేదా అయ్యగారూ?" చాలలేదనే సంఘంలో కొందరంటున్నారు. మందు మానుతుంటే ఊరుకున్న తప్పు ఆమెదేనని ఇంకొందరంటున్నారు. వచ్చే వారమే ఆదరణ కూడిక. అందులో ఏం ప్రసంగించాలో తోచక కాపరి రాసిన ఉత్తరం సారాంశమిది.

సలహా

బాధకు కారణం చెప్పబోవడమే ఇలాంటి ప్రసంగంలో మొదటి పొరపాటు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద మాట లేకుండా కూర్చున్నారు. వాళ్లు చేసిన మేలు అంతవరకే. నోరు తెరిచి కారణాలు వెదికినందుకు గ్రంథం చివర దేవుని కోపానికి గురయ్యారు. అందుచేత కాపరి పని ఆ ఇంటి అరుగు మీదే మొదలవ్వాలి. కూడికకు ముందే రెండు మూడుసార్లు వెళ్లి, ఆమె చెప్పేదంతా వినాలి.

అయితే ఆమె అడిగినదానికి జవాబుంది, దాన్ని దాటవెయ్యకూడదు. విశ్వాసం చాలక ఆయన చనిపోలేదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో రోగి పెద్దలను పిలిపించుకుంటాడు, వాళ్లు నూనె రాసి ప్రార్థిస్తారు. విశ్వాసంతో ప్రార్థించే బాధ్యత అక్కడ పెద్దలది. మంచం మీదున్నవాడి విశ్వాసాన్ని తూచమని ఆ పత్రిక ఎక్కడా చెప్పదు. పౌలు మూడుసార్లు వేడుకున్నా ఆయన శరీరంలోని ముల్లు పోలేదు. త్రోఫిమును ఆయన మిలేతులో జబ్బుతోనే విడిచి వచ్చాడు. తిమోతి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడే గాని విశ్వాసం తక్కువైందనలేదు. అవిశ్వాసం వల్ల నజరేతులో యేసు ఎక్కువ అద్భుతాలు చెయ్యలేదనే మత్తయి 13వ అధ్యాయపు మాట స్వస్థత సభల్లో తరచు వినిపిస్తుంది. అది ఆయన్ని తోసిపుచ్చిన ఊరి గురించిన మాట. ఆయన్నే నమ్ముకుని కన్నుమూసిన మనిషికి దాన్ని అంటగట్టడం వాక్యానికీ అన్యాయం, ఆ కుటుంబానికీ అన్యాయం.

ప్రసంగ పాఠంగా 88వ కీర్తన తగినది. అది మొరతో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. చివర స్తుతి ఉండదు. ఏడవడానికి లేఖనమే చోటిచ్చిందని ఆ ఇంటివాళ్లకు తెలియాలి. 1542లో 13 ఏళ్ల కూతురు మగ్దలేన పోయినప్పుడు లూథర్ పునరుత్థానాన్ని నమ్ముతూనే తన దుఃఖాన్ని దాచుకోలేదు. ఆ నిరీక్షణను కాపరి తప్పకుండా ప్రకటించాలి, కానీ ఏడుపు ఆపమనడానికి దాన్ని వాడకూడదు.

మందుల సంగతి మరో ఆదివారానికి ఉంచాలి. ఆదరణ కూడికలో ఎత్తితే వేలు ఆమె వైపే చూపినట్టవుతుంది. ఆమెను నిందిస్తున్నవారితో ఈలోగా సంఘ పెద్దల ఎదుట విడిగా మాట్లాడాలి. అలాగని మందుల విషయం మరుగున పడనివ్వకూడదు. ఇన్సులిన్ మీద ఆధారపడ్డవాళ్లు సంఘంలో ఇంకా ఉంటారు. దాన్ని హఠాత్తుగా ఆపితే కొందరికి రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. ప్రార్థనతోపాటు మందు కూడా వాడాలన్నది గుంటూరు లూథరన్లకు కొత్త బోధ కాదు. 1842లో మిషనరీ హయ్యర్ అక్కడ మొదలుపెట్టిన మిషన్‌కే 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చారు, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. ఆ ఆవరణలో ప్రార్థన, వైద్యం కలిసే నడిచాయి. స్వస్థత కోసం ప్రార్థించడం కాపరి మానక్కర్లేదు. ప్రార్థించిన ప్రతిసారీ, డాక్టరు చెప్పనిదే మందు ఆపవద్దని ఆ మంచం పక్కనే చెప్పి రావాలి.