బ్రేకు త్రొక్కినపుడు ఇంజను ఏల ఆగిపోవును?

నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932వ సంవత్సరమున 27 బస్సులతో రోడ్డు రవాణాను ఆరంభించిన నాడు, మోటారు యంత్రమును గూర్చి తెలిసినవారు మన ప్రాంతమున మిక్కిలి కొలదిమంది. నేడు ఆర్మూరులో మోటారు వాహనము లేని వీధి లేదు. పసుపు కాలమున చుట్టుపట్ల గ్రామములనుండి బస్తాలు నిజామాబాదు మార్కెట్టు యార్డునకు పోవుచుండును. 44వ నంబరు, 63వ నంబరు జాతీయ రహదారులు రెండును మన యూరియొద్దనే కలియుటచే లారీల రాకపోకలకు విరామము లేదు. ఇట్టి రహదారిపై ముందు బండిని చూచి బ్రేకు త్రొక్కిన తక్షణమే ఇంజను ఆగిపోయినచో వెనుక వచ్చు లారీవానికి మన యిబ్బంది ఎట్లు తెలియును? పెట్రోలు కార్లలో ఈ వ్యాధి అరుదు కాదు. దాని కారణమును కనుగొను విధమును పెద్ద తరగతుల విద్యార్థులకును, వాహనములు గల తల్లిదండ్రులకును తెలుపుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మొదట ఒక సంగతి గ్రహింపవలెను. "బ్రేకు త్రొక్కగనే ఆగుచున్నది" అని మనమందుము. కాని బ్రేకు త్రొక్కుట ఒక్క పని కాదు. అప్పుడు పాదము ఆక్సిలరేటరును విడుచును. బ్రేకు పెడలు లోనికి పోవును. చక్రములు మందగించి, క్లచ్చి త్రొక్కనిచో ఇంజనునుగూడ మందగింపజేయును. వాహనమందలి ద్రవములన్నియు ముందునకు ఉఱుకును. వెనుక ఎఱ్ఱదీపము వెలుగును. ఈ యైదును ఒక్క క్షణముననే జరుగుటచే ఏది ఇంజనును ఆపినదో తెలియదు. గుంపుగా పరుగెత్తువారిలో దొంగను పట్టుట కష్టము. ఒక్కొక్కనిని నిలిపి అడిగినచో సులభము. తోమా తాను చూడనిదే నమ్మననినందుకు మనము అతనిని అనుమానపు తోమా యందుము. మెకానిక్కు షాపులో మాత్రము అట్టి స్వభావము గలవాడే డబ్బు మిగిల్చుకొనును.

క్లచ్చి సంగతి ముందు చెప్పి ముగింతును. గేరులో నున్న బండి మిక్కిలి మెల్లగా పోవుచుండగా క్లచ్చి త్రొక్కక బ్రేకు మాత్రము త్రొక్కినచో, బండి ఒక్క కుదుపు కుదిపి ఇంజను ఆగును. ఇది నడుపువాని అలవాటు, యంత్రదోషము కాదు. తనంతట గేర్లు మార్చుకొను కార్లలో క్లచ్చి పెడలు ఉండదు. వానిలో ఇంజనును గేర్లతో బిగించు లోపలి లాకు విడువవలసిన సమయమున విడువనిచో ఇట్టి కుదుపే కలుగును.

తరువాత, ఖాళీ రోడ్డుపై మెల్లగా పోవుచు, క్లచ్చి త్రొక్కి, ఆక్సిలరేటరును పూర్తిగా విడిచి చూడవలెను. బ్రేకును తాకరాదు. అప్పుడును ఇంజను ఆగినచో బ్రేకుది తప్పు కాదు. ఆక్సిలరేటరు విడిచినపుడు ఇంజను నిమిషమునకు సుమారు 700 మొదలు 900 చుట్లు తిరుగుచు నిలకడగా ఉండవలెను. దీనినే ఐడ్లింగు అందురు. గాలి పోవు థ్రాటిలు మార్గమున మసి పేరుకొన్నను, ఐడ్లింగునకు గాలి నిచ్చు చిన్న వాల్వు జిడ్డుపట్టి అంటుకొన్నను ఆ నిలకడ తప్పును. దానిని శుభ్రపఱచుటతో తరచుగా పని తీరును.

ఇక బండి కదలకుండ నిలిచియున్నపుడే, పెడలు త్రొక్కగనే ఇంజను తడబడినచో, మిక్కిలి అనుమానింపదగినది బ్రేకు బూస్టరు. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను, ఏలననగా మనము తరగతిలో చదువుకొన్న వాయుపీడనమే యిందు పనిచేయుచున్నది. జర్మనీలో ఓటో ఫాన్ గెరికె అను నతడు 17వ శతాబ్దమున రెండు రాగి అర్ధగోళములను జోడించి లోని గాలిని తీసివేయగా, ఇరువైపుల గుఱ్ఱములు కట్టి లాగినను అవి విడిపోలేదని మీరు చదివియున్నారు. బూస్టరు అట్టి గోళమునకు తమ్ముడు. పెడలు వెనుక నుండు గుండ్రని డబ్బాను ఒక రబ్బరు పొర రెండు గదులుగా విభజించును. ఇంజను పీల్చు బలము ఒక గొట్టము ద్వారా ఆ రెండు గదులలోని గాలిని లాగివేయును. పెడలు త్రొక్కినపుడు వెనుక గదిలోనికి బయటి గాలి ప్రవేశించి రబ్బరు పొరను ముందునకు నెట్టును. డబ్బా అడ్డుకొలత 20 సెంటీమీటర్లనుకొనుడు. వైశాల్యము 314 చదరపు సెంటీమీటర్లు. ముందు గదిలో పీడనము బయటికంటె 45 సెంటీమీటర్ల పాదరసమంత తక్కువయైనచో, చదరపు సెంటీమీటరునకు సుమారు 0.61 కిలోగ్రాము చొప్పున మొత్తము 190 కిలోగ్రాముల బలము మన పాదమునకు తోడగును. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవలెను.

ఆ రబ్బరు పొర చినిగినదనుకొనుడు. పెడలు త్రొక్కగనే వెనుక గదిలోనికి వచ్చిన గాలి చినుగుగుండ ముందు గదిలోనికి, అచ్చటినుండి గొట్టము ద్వారా తిన్నగా ఇంజనులోనికి పోవును. పెట్రోలు చక్కగా మండుటకు ఒక భాగము పెట్రోలునకు బరువున సుమారు 14.7 భాగముల గాలి కావలెను. ఐడ్లింగులో ఇంజను పీల్చు గాలి మిక్కిలి కొంచెము గనుక, దొంగతనముగా వచ్చిన గాలి కొలదియైనను మిశ్రమము పలుచనై మంట ఆఱిపోవును. కొత్త కార్లలో కంప్యూటరు పెట్రోలును కొంతవఱకు సవరింపజూచును. చినుగు పెద్దదైనచో దానికిని చేతగాదు.

పరీక్ష సులభము. బండిని చదునైన చోట నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ఇంజను ఆపి, పెడలును ఐదాఱుసార్లు త్రొక్కవలెను; అది గట్టిపడును. అటులే త్రొక్కిపట్టి ఇంజను నడిపింపగా పెడలు కొంచెము లోనికి దిగవలెను. దిగనిచో బూస్టరునకు బలము అందుటలేదు. తరువాత త్రొక్కిపట్టియే చెవియొగ్గి వినవలెను. కాలిదగ్గఱ బుస్సుమను శబ్దము ఎడతెగక వచ్చుచు ఇంజను తడబడినచో దోషి దొరికినట్లే. నిశ్చయము కొఱకు మెకానిక్కు బూస్టరు గొట్టమును ఇంజనువద్ద తీసి, ఆ రంధ్రమును బిరడాతో మూసి, నిలిచిన బండిలోనే పెడలును మరల త్రొక్కి చూచును. తడబాటు పోయినచో ఇక సందేహము లేదు. ఆ స్థితిలో బండిని ఒక్క గజమైనను నడుపరాదు.

మన విద్యార్థి యొకని తండ్రి పెట్రోలు వ్యాను పెర్కిట్ కూడలివద్ద ఈ విధముగనే రెండుమార్లు ఆగిపోయెను. అంతకుముందే ఆయన బ్యాటరీ మార్పించెను, స్పార్కు ప్లగ్గులు మార్పించెను, పెట్రోలు పంపును గూడ మార్పించెను. పసుపు ధూళి ఎయిర్ ఫిల్టరులో నిండినదని చెప్పినవారును కలరు. మన యూరిలో ఏ యంత్రము చెడినను పసుపు ధూళిపై నింద మోపుట ఆచారమైనది! ఫిల్టరు నిండినచో బండి ఎత్తుపైగూడ ఈడ్వలేదు; బ్రేకు త్రొక్కినపుడు మాత్రమే ఏల ఆగవలెను? పైని పరీక్షకు పది నిమిషములు పట్టినది. తీసివేసిన బూస్టరును మెకానిక్కు కోసి యిచ్చెను. రబ్బరు అంచున వ్రేలు దూఱునంత చినుగు కలదు. అది యిపుడు మన విజ్ఞానశాస్త్రపు గదిలో కిటికీప్రక్క అరపై నున్నది.

నిలిచియున్నపుడు ఏ తడబాటును లేక, వేగముగా పోవుచు గట్టిగా బ్రేకు వేసినపుడు మాత్రమే ఆగు బండ్లు కలవు. వానిలో ద్రవము ముందునకు ఉఱుకుటయే కారణము కావచ్చును. బిందె నిండ నీళ్లతో ఎడ్లబండిపై పోయినవారికి ఇది చెప్పనక్కఱలేదు. పాత కార్బురేటరు కార్లలో చిన్న గిన్నెలోని పెట్రోలు ఒకవైపునకు పోయి, ఇంజనునకు ఎక్కువగానో తక్కువగానో అందును. టాంకిలో పెట్రోలు అడుగంటినపుడు పంపు గాలిని పీల్చును; టాంకి నింపి చూచినచో తెలియును. తీగ వదులైనచో దీపము ఊదినట్లు ఇంజను చటుక్కున ఆగును, తడబాటు ఉండదు. ఎదుటి మీటర్లును ఒక్కసారి చలించును. అప్పుడు బ్యాటరీ కొనలను, భూమి తీగను బిగించి చూడవలెను.

డీజిలు బండ్లకు ఈ బూస్టరు కథ వర్తింపదు. పసుపు బస్తాలను తెచ్చు డీజిలు జీపులలో బూస్టరునకు వేఱుగా పంపు ఉండును. రబ్బరు చినిగినచో బ్రేకు గట్టిపడును గాని ఇంజను ఆగదు. అవి ఆగినచో డీజిలు గొట్టములలో గాలి చేరినదేమో చూడవలెను.

పోవుచున్న బండిలో ఇంజను ఆగినచో బూస్టరు చెడనంతవఱకు అందు ఒకటి రెండు త్రొక్కులకు సరిపోవు బలము నిలువయుండును. పెడలును మాటిమాటికి ఊపినచో అది వ్యర్థమగును. ఒక్కసారిగా నిదానముగా గట్టిగా త్రొక్కి పట్టవలెను. పెడలు గట్టిపడినను బ్రేకు పూర్తిగా పోదు. రెండు కాళ్ల బలము పెట్టవలసివచ్చును. స్టీరింగుగూడ బరువగును, రెండు చేతులతో త్రిప్పి ఎడమప్రక్కకు చేర్చవలెను. బండి నిలుచువఱకు తాళపుచెవిని పూర్తిగా వెనుకకు త్రిప్పరాదు. త్రిప్పి తీసినచో స్టీరింగు బిగిసికొనును.