1948 నాటి దుఃఖం – నేటి విద్యార్థి

తాను చూచిన మరణానికి కన్నీరు కార్చుట ఎవరూ నేర్పనక్కరలేని పని. తాను పుట్టుటకు యాభై, అరవై సంవత్సరాల ముందు జరిగిన మరణానికి దుఃఖించుట అట్టిది కాదు. అది ఒకరి నుండి ఒకరు నేర్చుకొనవలసినది. ఎవరి వద్ద, ఏ మాటలలో నేర్చుకొందుమో దానినిబట్టి ఆ దుఃఖం మన మనస్సును మెత్తబరచుటయో, బండబార్చుటయో జరుగుచుండును. 1948లో మన హైదరాబాదు సంస్థానంలో జరిగినదానిని నేటి విద్యార్థులు ఏ రీతిగా స్మరించుచున్నారో ఈ వ్యాసంలో కొంత పరిశీలింపదలచినాము. మేము భాష బోధించువారమే గాని చరిత్ర బోధించువారము కాము. అందుచేత మాటలతోనే ఆరంభించుచున్నాము.

రామన్నపేట చుట్టుపట్ల పల్లెలలో ఆ సంవత్సరానికి రెండు పేర్లు వాడుకలో ఉన్నవి. తెలుగు ఇండ్లలో అది “రజాకార్ల కాలం”. ఉర్దూ ఇండ్లలో అది “పోలీస్ ఆక్షన్”. చదువుకొన్న పెద్దలు మరికొంత గంభీరంగా “సుఖూతె హైదరాబాద్”, అనగా హైదరాబాదు పతనం, అందురు. ఇవి ఒకే సంగతికి రెండు భాషలలో ఉన్న రెండు పేర్లని తలచుట పొరపాటు. మొదటి పేరుతో చెప్పే కథ సెప్టెంబరు 17తో ముగియును. సైన్యం వచ్చినది, భయం పోయినది, కథ కంచికి చేరినది. రెండవ పేరుతో చెప్పే కథ సరిగా ఆ దినముననే మొదలగును. ఒకే బల్లమీద కూర్చొని చదువుకొనే ఇద్దరు పిల్లలకు తమ తమ ఇండ్లలో లభించిన కథలు ఒక తేదీవద్ద ఒకదానికొకటి వీపు తగిలించి నిలిచి ఉన్నవి. ఎవరి కథా ఆ తేదీని దాటి రెండవవాని ఇంటిలోనికి పోదు.

జరిగినదేమి? ముందుగా తేదీకి ఇవతలి సంగతి. లాతూరు వకీలు కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు పల్లెలపై పడిరి. దేశ్‌ముఖులకును వెట్టికిని ఎదురు తిరిగిన సంఘం ఊళ్లపై వారి దాడులు మరీ తీవ్రంగా సాగినవి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిపై రజాకార్లు, నిజాం బలగాలు కలిసి దాడి చేసినప్పుడు ఊరివారు బురుజెక్కి ఎదిరించిరి. ఊరు ఓడిన తరువాత మగవారిని వరుసగా నిలబెట్టి కాల్చిరి. ఆ బురుజు నేటికిని ఉన్నది. మనకు మరింత దగ్గరలో, హైదరాబాదు–విజయవాడ రహదారిపై ఉన్న గుండ్రాంపల్లి కూడా రజాకార్ల చేతిలో ప్రాణాలు కోల్పోయినవారి ఊరుగా ఈ ప్రాంతమంతటికీ తెలిసినదే. ఆ దారిన బస్సులో పోవునప్పుడు పెద్దలు ఆ ఊరిని వేలితో చూపుదురు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించినది. 17న నిజాం లొంగుబాటును ప్రకటించినాడు. అయిదు దినములలో ఒక రాజ్యం ముగిసినది. ఇక తేదీకి అవతలి సంగతి. రజాకార్లు చేసినదానికి రజాకార్లు కానివారు, రజాకార్లను కంటితో చూడనివారు కూడ బలియైరి. ఈ వార్తలు ఢిల్లీకి చేరగా ప్రధాని నెహ్రూ పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలను విచారణకు పంపినాడు. వారు నవంబరు చివర నుండి డిసెంబరు మూడవ వారం వరకు, సంస్థానంలోని 16 జిల్లాలలో 9 జిల్లాలు తిరిగిరి. తక్కువలో తక్కువగా లెక్కించినను 27 వేల నుండి 40 వేల మంది మరణించిరని వారు వ్రాసిరి. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. ఔరంగాబాదు, బీడు, మెదకు జిల్లాలతోబాటు మన నల్లగొండను కూడ చేర్చి, ఆ నాలుగింటిలో కనీసం 5 వేల మంది పోయిరని పేర్కొనిరి. ఆ నివేదిక దశాబ్దాలపాటు మరుగున ఉండి, 2013 నాటికిగాని సామాన్య పాఠకునికి అందుబాటులోనికి రాలేదు. అనగా నేటి విద్యార్థి తాత కూడ తన జీవితంలో అధికభాగం ఆ కాగితాన్ని చూడకనే గడపినాడు.

ఆ నివేదికలో అంకెలకన్న మమ్ము ఎక్కువగా ఆపివేసిన భాగం మరొకటి కలదు. పలుచోట్ల హిందువులు తమ ఇరుగుపొరుగు ముస్లిములను ప్రాణాలొడ్డి కాపాడిరనియు, ఒకే వృత్తిలో ఉన్నవారి నడుమ ఈ బంధం ప్రత్యేకంగా కనిపించినదనియు, హిందూ నేతగాండ్రు ముస్లిం నేతగాండ్రకు అడ్డునిలిచి, తమలో కొందరిని పోగొట్టుకొని కూడ వారిని రక్షించిరనియు అందులో వ్రాయబడినది. మగ్గాల నడుమ పెరిగిన ఈ ప్రాంతపు విద్యార్థికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఆసు పోసేవారొకరు, నేసేవారొకరు, అమ్మేవారొకరు. ఒక చేయి ఆగిన చీర ఆగును.

మూడవ దుఃఖం ఒకటి మిగిలి ఉన్నది. అది నల్లగొండకు విశేషంగా చెందినది. సెప్టెంబరు 17 తరువాత కూడ సంఘం తుపాకి దించలేదు. సైన్యం సంఘంపై తిరిగినది. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరుగువరకు అడవులలో, చేలలో, జైళ్లలో మనుషులు చచ్చుచునే ఉండిరి. 1946 జూలై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య మొదలు, ఆ పోరాటంలో మొత్తం 4 వేల మంది అమరులైరని పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ గ్రంథంలో వ్రాసిరి. 1972లో వెలువడిన ఆ గ్రంథంలోనే, సంఘం బలంగా ఉన్న తెలంగాణా పల్లెలలో పోలీస్ ఆక్షన్ అనంతరం ముస్లిం ప్రజలను చాలవరకు కాపాడగలిగిరని కూడ చెప్పబడినది. సుందర్‌లాల్ నివేదికలో నల్లగొండ పేరు ఉన్న వాక్యాన్ని, సుందరయ్యగారి ఈ మాటను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువవలెను. ఒకదానిని చూపి రెండవదానిని కొట్టివేయుట తేలిక. రెండును నిజమయ్యే ఊళ్లు, నిజం కాని ఊళ్లు ఏవేవో వెదకుట కష్టం. విద్యార్థి పని రెండవదే.

ఈ మూడు దుఃఖాలు యువకులకు అందుచున్న తీరు ఒక్కటి కాదు. సంఘం అమరులకు ఊరి మొగదలలో ఎర్రని స్తూపం ఉన్నది. ఏటేట జెండా ఎగురును, ఒకరు పాట అందుకొందురు, పేర్లు చదువుదురు. బైరాన్‌పల్లికి బురుజున్నది. ఏ ఊరిలోనైనను రాతిమీద పేరు చెక్కి ఉన్నప్పుడు, పిల్లవాడు ఆ పేరుగల మనిషి ఎవరని అడుగును. అడిగిన పిమ్మట దుఃఖం తనంతట తానే వచ్చును. ఉర్దూ ఇండ్లలో మాత్రం రాయి లేదు, పాట లేదు. ఉన్నది మౌనం. ఆ సంగతి వచ్చినంతనే దాదీ గొంతు తగ్గించును, తలుపువైపు చూచును. “గయీ సో బాత్” అని మాట మార్చును. పొలం ఎందుకు అమ్మితిమి, చిన్నతాత కుటుంబం హైదరాబాదుకు ఎందుకు వెళ్లిపోయినది అని అడిగిన మనుమనికి సగం జవాబే దొరకును. ఆ మౌనం వెనుక పిరికితనమున్నదని మేము తలపము. అది బిడ్డలు ఈ ఊరిలోనే, ఈ ఇరుగుపొరుగుతోనే బ్రతుకవలెనని చేసిన త్యాగం. అయినను దాని ఫలితం మంచిది కాలేదు.

ఏలననగా పేర్లు లేని దుఃఖం యువకునిలో ఊరకుండదు. ఎవరో ఒకరు వచ్చి ఆ ఖాళీని కోపంతో నింపిన, వాడు దానినే తన తాత మాటగా తీసికొనును. అట్లే, రజాకారు అనే మాట మాత్రమే విని, వాని ముఖం ఎరుగని పిల్లవాడు ఆ మాటకు తన తరగతిలోని ఒక ముఖాన్ని అతికించును. 2024లో “రజాకార్” అనే చలనచిత్రం విడుదలైనప్పుడు దానిని చూచివచ్చినవారు ఒకవైపు, చూడమని పట్టుబట్టినవారు మరొకవైపు చేరి మాటలాడుకొనుట వింటిమి. ఇరువైపుల వినిపించినది కోపమే. చనిపోయినవారి పేరు ఒక్కటియు ఎవరి నోటను రాలేదు. సెప్టెంబరు నడిమి వారంలో మా తరగతులలో స్నేహితులైనవారే ఒకరితో ఒకరు మాట తగ్గింతురు. తగవేమియు ఉండదు. తిరిగి పదిదినములకు క్రికెట్టు బంతితో అంతయు సర్దుకొనును. కాని ఆ పదిదినముల నిశ్శబ్దమే మమ్ము ఈ వ్యాసం వ్రాయించినది.

ఆ దినమునకు పేరేమి అను వివాదం వేరు. విమోచన మని కొందరు, విలీన మని కొందరు, విద్రోహ మని మరికొందరు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవ మన్నది, కేంద్ర ప్రభుత్వం హైదరాబాదు విమోచన దినోత్సవ మన్నది. 2024లో రాష్ట్రమే దానిని ప్రజాపాలన దినోత్సవంగా జరిపినది. వక్తృత్వ పోటీలలో మన విద్యార్థులు ఈ పదాలపై ధారాళంగా వాదింతురు, బహుమతులు పొందుదురు. తెలుగు ఉపాధ్యాయులుగా మేము ఒక్క చిన్న వ్యాకరణ విషయం మనవి చేయుదుము. ఈ పేర్లన్నియు రాజ్యానికి ఏమైనదో చెప్పును. మనుషులకు ఏమైనదో ఇందులో ఏ పేరును చెప్పదు. అందుకే ఆ పేర్లతో ఉత్సవం చేయవచ్చును, నిరసన చేయవచ్చును, దుఃఖించుట మాత్రం సాధ్యపడదు.

దుఃఖానికి మనిషి కావలెను. కామారెడ్డిగూడెం షేక్ బందగీని తీసికొనుడు. తన కొద్దిపాటి భూమికై విసునూరు దేశ్‌ముఖుపై కచ్చేరీలలో వ్యాజ్యమాడి గెలిచిన ఆ రైతును 1940 జూలై 27న దేశ్‌ముఖు మనుషులు నరికిరి. పోయినవాడు ముస్లిము, వానికై ఏడ్చి లేచినది తెలుగు రైతాంగం. షోయబుల్లా ఖాన్‌ను తీసికొనుడు. ముప్పై యేండ్లయినను నిండని ఆ యువకుడు తన “ఇమ్రోజ్” ఉర్దూ పత్రికలో రజాకార్లను ఖండించి, భారతదేశంలో చేరుటే మేలని వ్రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో చంపబడినాడు. వ్రాసిన చేతిని కూడ నరికిరి. ఈ ఇద్దరినీ ఏ ఇంటి కథలో చేర్తుము? “రజాకార్ల కాలం” అనే కథలో షోయబుల్లా ముస్లిమని చెప్పుట మరతురు. “పోలీస్ ఆక్షన్” అనే కథలో అతనిని చంపినదెవరో చెప్పుట మరతురు.

సాహిత్యం ఈ విషయంలో ఇండ్లకన్న కొంత ముందు నడచినది. తెలంగాణా రైతుపోరాటంపై కిషన్ చందర్ “జబ్ ఖేత్ జాగే” అను నవలను ఉర్దూలో వ్రాసినాడు. దాని ఆధారంగానే 1979లో గౌతమ్ ఘోష్ “మా భూమి” అను తెలుగు చిత్రం తీసినాడు. ఉర్దూ నవల తెలుగువారి కన్నీరైనది. అట్లే నెల్లూరి కేశవస్వామిగారు “యుగాంతం” వంటి కథలలో ఆనాటి హైదరాబాదు ముస్లిం జీవితాన్ని తెలుగులో చిత్రించిరి. మన గ్రంథాలయంలో ఉర్దూ బీరువాను ఉర్దూ విద్యార్థులు, తెలుగు బీరువాను తెలుగు విద్యార్థులు తెరచుచున్నారు. ఈ రెండు పుస్తకాల కొరకైనను తాళపుచెవులు మారవలెను.

ఇతరుల మృతులకై దుఃఖించుట మన యువకులకు చేతకాదందురా? మొహర్రం నెలలో పీర్లు లేచినప్పుడు చూడుడు. హిజ్రీ 61లో, అనగా క్రీస్తుశకం 680లో, ఇరాకు దేశపు కర్బలా మైదానంలో దాహంతో అసువులుబాసినవారికై, నల్లగొండ పల్లెలో గొల్లవారి పిల్లవాడు అలావు చుట్టూ అడుగు వేయును. పీరును మోయువానికి కాళ్లు కడుగువారు, బెల్లం నీళ్లు పోయువారు, ఊదు వేయువారు అన్ని కులాలవారు. ఆ పిల్లవానికి అరబ్బీ రాదు, కర్బలా ఎక్కడున్నదో పటంలో చూపలేడు. అయినను హసన్, హుస్సేన్ అను పేర్లు వానికి తెలియును. దుఃఖానికి ఒక తిథి, ఒక గుంట, చేయుటకు ఒక పని ఉన్నందున పదమూడు వందల యేండ్లనాటిది వాని ఒంటికి పట్టినది. డెబ్బది యేండ్లు దాటిన మన స్వంత దుఃఖానికి మనమింకను గుంట త్రవ్వుకొనలేదు.

విద్యార్థి మిత్రులారా, ఆనాడు పదేండ్ల వయసున్నవారు నేడు ఎనుబదియైదు దాటినవారు. ప్రతి ఊరిలోను నలుగురైదుగురికి మించి ఉండరు. ఈ వేసవి సెలవులలో వారివద్దకు పొండు. ఒంటరిగా పోవలదు, ఇద్దరిద్దరుగా పొండు, ఆ ఇద్దరిలో ఒకరు ఉర్దూ మాధ్యమంవారు, ఒకరు తెలుగు మాధ్యమంవారు కావలెను. ఏ సంవత్సరమని, ఏ తేదీ అని అడిగిన వారు చెప్పలేరు. చేలో ఏ పంట ఉన్నది, జొన్న కంకి వేసినదా, ఆ యేడు ఊరిలో బతుకమ్మ ఆడిరా, బక్రీదు నమాజుకు ఎందరు వచ్చిరి అని అడుగుడు. ఎవరు చంపిరని మొదట అడుగవలదు. ఎవరు పోయిరని అడుగుడు, ఎవరు దాచిరని అడుగుడు, ఎవరింటి గరిసెలో ఎన్ని దినములు దాచిరని అడుగుడు. పేరు గుర్తులేకున్న పని వ్రాసికొనుడు. మగ్గం నేసేవాడు, పటేలు గడీలో వెట్టి చేసేవాడు, మస్జిదులో అజాన్ ఇచ్చేవాడు. ఉర్దూలో చెప్పినది ఉర్దూలోనే, తెలుగులో చెప్పినది వారి యాసలోనే వ్రాయవలెను. దిద్దవద్దు. పెద్దలు మౌనం వహించిన, ఆ మౌనాన్ని గౌరవించి లేచి రండు. మరియొక దినం వారే కబురు చేయవచ్చును.

మన కళాశాల సంచికలో ఉర్దూ పుటలు కుడివైపు నుండి, తెలుగు పుటలు ఎడమవైపు నుండి మొదలై నడుమ కలియుచున్నవి. వచ్చే సంచికలో ఆ నడిమి పుటలను ఈ పేర్లకు విడిచిపెట్టి, ప్రతి పేరును రెండు లిపులలోను అచ్చువేయించుటకు అనుమతింపవలెనని కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. ఎనిమిది పుటలు చాలును. కాగితం ఖర్చుకు తెలుగు శాఖ, ఉర్దూ శాఖ తమ వంతు చెల్లించుటకు సిద్ధంగా ఉన్నవి.