తెలిసినంత మాత్రాన చెయ్యి వినదు

గట్టిగా ఒకసారి నిర్ణయించుకుంటే చాలు, మనిషి మారిపోతాడని వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చెబుతుంటాయి. మన చెయ్యే ఆ మాట వినదు. 1994లో రెజా షాద్‌మెహర్, ఫెర్డినాండో ముస్సా-ఇవాల్డి కొందరి చేతికి రోబో పిడి ఇచ్చి, దాన్ని గురి దాకా జరపమన్నారు. జరుపుతుంటే యంత్రం పక్కకు తోసేది, చెయ్యి వంకర తిరిగేది. వందలసార్లు చేశాక దారి మళ్లీ తిన్నగా అయింది. అసలు విశేషం ఆ తర్వాతిది: తోపు ఉన్నట్టుండి ఆపేస్తే చెయ్యి అవతలి వైపుకు వంకరపోయింది. అంటే వాళ్లు కండరాలు బిగబట్టి మాత్రమే నెగ్గుకురాలేదు. రాబోయే తోపును మెదడు ముందే అంచనా కట్టి, విరుగుడును కదలికలోనే కలిపేస్తోంది. పరిస్థితి మారిన క్షణానే ఆ అంచనా మారదు. కొత్త చోట పాత తీరు బయటపడినవాణ్ని మొండివాడనేస్తాం గానీ, పాతదాన్ని బాగా నేర్చాడనడానికి అదే రుజువు కావచ్చు.

ముందే తెలిసి ఉంటే తప్పు జరగదు కదా అనవచ్చు. 2006లో పియెట్రో మజోని, జాన్ క్రాకవర్ సరిగ్గా దీన్నే పరీక్షించారు. తెరమీది చుక్క చెయ్యి కదిలిన దిశకు 45 డిగ్రీలు పక్కకు పోయేలా అమర్చి, కిటుకు కూడా చెప్పేశారు: పక్కనున్న గురి మీదికి చెయ్యి పోనివ్వండి, అసలు గురి తగులుతుంది. తగిలింది, వెంటనే. ఆపైన చేస్తున్నకొద్దీ తప్పసాగింది. కిటుకు మరిచిపోయి కాదు. మనకు తెలియకుండా సాగే సర్దుబాటుకు గెలుపుతో పని లేదు. చెయ్యి గురిపెట్టిన చోటికీ చుక్క చేరిన చోటికీ మధ్య ఉన్న తేడాయే దాని లెక్కలో తప్పు. దాన్ని దిద్దబోయి, చక్కగా తగులుతున్న గురిని చెడగొట్టింది. మెదడులోని అనుమస్తిష్కం దెబ్బతిన్నవాళ్లలో ఈ చెడగొట్టడం తక్కువని తర్వాత తేలింది.

ఉపన్యాసం విన్న నాలుగు రోజులు ఉత్సాహంగా ఉండి మళ్లీ పాత దారి పట్టడం ఇలాంటిదేనని చెప్పాలనిపిస్తుంది. అక్కడ ఆగాలి. చేతి కదలిక వేరు, కోపం, బద్ధకం వేరు. ఈ ప్రయోగాలు గుణం గురించి ఏమీ రుజువు చేయలేదు. అయితే తెలిసినవాడు మళ్లీ తప్పాడంటే సంకల్పం లేకనే అన్న తీర్పు అన్నిచోట్లా చెల్లదని మాత్రం చూపించాయి. మరి సంకల్పం దండగా? కాదు, మొదటిసారే గురి తగిలింది దానివల్లే. కాకపోతే అది ఒకసారి చేసి దాచుకునేది కాదు. 2011లో జోర్డన్ టేలర్, రిచర్డ్ ఐవ్రీ ఆ 45 డిగ్రీల పనినే ఇంకా ఎక్కువసేపు చేయించారు. తప్పు పెరిగి పెరిగి, మళ్లీ తగ్గుముఖం పట్టింది. మొదట చెప్పిన కిటుకునే పట్టుకు వేలాడకుండా, జరుగుతున్న తప్పును చూసి పాల్గొన్నవాళ్లు గురిపెట్టే చోటునే కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోయారు.