సౌర వాతావరణ దైనిక నివేదిక: చెన్నూరు పొలం గట్టున దాని విలువ ఎంత?

వ్యవసాయ పరిశోధన పత్రికలో సూర్యమచ్చల ప్రస్తావన వింతగా తోచవచ్చును. అయితే మన దేశంలో సూర్యుని నిత్య పరిశీలన వేళ్లూనుకొనడానికి ప్రేరణ వ్యవసాయం నుండే వచ్చింది. 1876-78 నాటి మహా క్షామం దక్షిణాపథాన్ని కబళించినప్పుడు, వర్షాభావానికి సూర్యమచ్చల పదకొండేళ్ల ఆవర్తనమే కారణమా అన్న ప్రశ్న బలంగా లేచింది. విలియం హంటర్ 1877లో మద్రాసు వర్షపాత లెక్కలతో ఈ వాదాన్ని ముందుకు తెచ్చాడు. సూర్యుని అనుదినం గమనిస్తే రుతుపవనాల గతిని ముందే పసిగట్టవచ్చునన్న ఆశ కొడైకెనాల్ వేధశాల స్థాపనకు దారితీసిన కారణాలలో ఒకటి. ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుండి అక్కడ సూర్యబింబాన్ని ఛాయాచిత్రాలుగా భద్రపరుస్తూనే ఉన్నారు. హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదివిన వేణు బప్పు 1960లో ఆ వేధశాల బాధ్యతలు స్వీకరించడం తెలుగు విద్యార్థులు గుర్తుంచుకోదగిన విషయం.

ఆ తొలి ఆశ మాత్రం ఫలించలేదు. 1904లో భారత వాతావరణ శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ సూర్యమచ్చలకూ వర్షపాతానికీ మధ్య సహసంబంధాలను ఓపికగా లెక్కకట్టాడు. ముందస్తు సూచనకు పనికివచ్చేంత గట్టి సంబంధం కనబడలేదు. అదే అన్వేషణలో అతడు పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య వాయుపీడనపు ఊగిసలాటను గుర్తించాడు. నేడు ఎల్‌నినో గురించి మనం చెప్పే మాటలకు పునాది అది. కనుక ‘ఈ ఏడు సూర్యునిలో మచ్చలు పెరిగాయి, వానలు తగ్గుతాయి’ అని రైతు అడిగితే, విస్తరణ శాస్త్రవేత్త సందేహించకుండా కాదని చెప్పవచ్చును.

అట్లయితే దైనిక నివేదికతో మనకేమి పని? ఉపగ్రహాల ఆధారంగా స్థాన నిర్ణయం చేసే పరికరాలు పొలంలోకి వచ్చినందున పని ఏర్పడింది. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాలు పిచికారీ డ్రోన్లు నడుపుతున్నాయి. భూముల కొలతకు, కాలువల మట్టాలకు ఉపగ్రహ గ్రాహకాలు వాడుతున్నారు. ఉపగ్రహం నుండి వచ్చే సంకేతం భూమిని చేరే ముందు అయనావరణాన్ని దాటాలి. ఆ పొరను రేపేది సూర్యుడు.

నివేదికలో ఉండేవి

అమెరికాలోని బౌల్డర్ నగరంలో ఉన్న అంతరిక్ష వాతావరణ సూచనా కేంద్రం ప్రతిరోజూ వెలువరించే నివేదికలో నాలుగు అంశాలు ముఖ్యమైనవి. సూర్యమచ్చల సంఖ్య మచ్చల గుంపులను పదిరెట్లు చేసి, విడి మచ్చలను కలిపి కట్టే లెక్క. పందొమ్మిదో శతాబ్దిలో వుల్ఫ్ ఏర్పరచిన పద్ధతి ఇది. 10.7 సెంటీమీటర్ల రేడియో ప్రవాహాన్ని కెనడాలో కొలుస్తారు. అయనావరణం ఎంత దట్టంగా ఉండగలదో దానిని బట్టి అంచనా వేయవచ్చును. సౌర జ్వాలలకు ఏ, బి, సి, ఎం, ఎక్స్ అనే తరగతులున్నాయి. ఒక్కొక్కటి ముందుదానికి పదిరెట్లు. చివరిది కేపీ సూచీ. పలు దేశాల అయస్కాంత కేంద్రాల కొలతల నుండి మూడు గంటలకొకసారి 0 నుండి 9 వరకు ఇచ్చే అంకె అది. 5 లేదా అంతకు మించితే భూ అయస్కాంత తుఫానుగా పరిగణిస్తారు.

జ్వాల కాంతి మనలను ఎనిమిది నిమిషాల పైచిలుకులో చేరుతుంది కాబట్టి దానికి హెచ్చరిక అంటూ ఉండదు. కరోనా నుండి వెలువడిన ద్రవ్యరాశికి సాధారణంగా ఒకటి నుండి మూడు రోజులు పడుతుంది. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 బిందువును దాటిన తరువాతనే దాని అయస్కాంత దిశ ఖచ్చితంగా తెలుస్తుంది; అప్పటికి మిగిలే వ్యవధి గంటకు లోపే. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 2024 జనవరి 6న చేరినది ఈ బిందువు చుట్టూ ఉన్న కక్ష్యకే.

చెన్నూరు అక్షాంశపు ప్రత్యేకత

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పై నివేదిక ముఖ్యంగా ఉన్నత అక్షాంశాల దృష్టితో రూపొందినది. మంచిర్యాల జిల్లా చెన్నూరు దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, గోదావరి ఒడ్డున ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసన పోతుంది. ఆ రేఖపై పగటివేళ పైకి లేచిన ఎలక్ట్రాన్లు ఇరువైపులా జారి, ఉత్తరాన మధ్య భారతం మీద గుట్టగా పోగవుతాయి. చెన్నూరు ఈ గుట్ట వాలులో ఉంది. అందువలన సూర్యుడు చురుకుగా ఉన్న సంవత్సరాలలో తుఫాను లేకున్నా మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఇక్కడి ఆకాశంలో ఎలక్ట్రాన్ల మొత్తం చాలా అధికం.

ఒక లెక్క చూడండి. ఎలక్ట్రాన్ మొత్తపు ఒక్క యూనిట్ జీపీఎస్ మొదటి పౌనఃపున్యంలో సుమారు 16 సెంటీమీటర్ల ఆలస్యం కలిగిస్తుంది. నిట్టనిలువుగా వచ్చే సంకేతానికి 100 యూనిట్లు అడ్డుపడితే 16 మీటర్లు. సాధారణ గ్రాహకం వాడే నమూనా ఇందులో సగం వరకే సరిదిద్దుతుంది. మిగిలినదంతా డ్రోను పక్కకు జరగడంగా పరిణమించదు. అధిక భాగం ఎత్తులోనూ గడియారపు సవరణలోనూ కలిసిపోతుంది. రెండు పౌనఃపున్యాల గ్రాహకంలో ఈ దోషం దాదాపు తొలగుతుంది. గట్టున స్థిర కేంద్రం పెట్టి సవరణ తీసుకునే పద్ధతిలోనూ అంతే, కేంద్రం దగ్గరగా ఉన్నంతవరకు.

అసలు ఇబ్బంది సూర్యాస్తమయం తరువాత. అయనావరణపు అడుగు నుండి తక్కువ సాంద్రత గల బుడగలు లేచి సంకేతాన్ని చెదరగొడతాయి. రాత్రి ఏడున్నర మొదలు అర్ధరాత్రి వరకు, మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ మాసాలలో ఇది ఎక్కువ. గ్రాహకం ఉపగ్రహాలను ఒక్కొక్కటిగా కోల్పోతుంది. గమనించవలసినదేమంటే, ఈ బుడగలు కేపీ 1 ఉన్న ప్రశాంత రాత్రులలోనూ లేస్తాయి. కొన్ని తుఫానులు వాటిని అణచివేస్తాయి కూడా. కనుక విదేశీ నివేదిక ‘ప్రశాంతం’ అన్నంత మాత్రాన చెన్నూరు సాయంత్రానికి అది హామీ కాదు. మన విద్యార్థులు తరచుగా పట్టించుకోని విషయం ఇదేనని నా అభిప్రాయం.

2024లో రెండు తుఫానులు

మే 10న భారత కాలమానం రాత్రి పదిన్నర దాటాక మొదలైన తుఫానులో కేపీ 9కి చేరింది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబారింది. అమెరికా మధ్య రాష్ట్రాలలో మొక్కజొన్న విత్తే అదను కావడంతో ఉపగ్రహ మార్గదర్శనంపై నడిచే ట్రాక్టర్లు ఆగిపోయి, విత్తనం వరుస తప్పింది. మన వైపు యాసంగి వరి కోతలు ముగిసే కాలం, పత్తి చేలు ఖాళీ. అక్టోబర్ 10న రాత్రి తొమ్మిది గంటల వేళ మరొక తీవ్ర తుఫాను తగిలింది. అప్పుడు పత్తి కాయ పగిలే దశలో ఉంటుంది. అయినా పిచికారీ ఉదయం గాలి తక్కువగా ఉన్నప్పుడు చేసే పని. ఉదయం ఆరు నుండి పది వరకు అయనావరణం ఇంకా పూర్తిగా నిండదు, బుడగలూ ఉండవు. గాలివాటం కోసం చెప్పే సలహాయే ఇక్కడా సరిపోతున్నది.

1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ రాష్ట్రానికి తొమ్మిది గంటలు విద్యుత్తు పోయిన ఉదంతాన్ని చూపి, మన వ్యవసాయ ఫీడర్ల అంతరాయాలను సూర్యునికి అంటగట్టే సందేశాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. అది అయస్కాంత ధ్రువానికి చేరువలో, గట్టి రాతి నేలపై పొడవైన తీగలు గల వ్యవస్థ. చెన్నూరు మోటారు ఆగితే ముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను చూడాలి.

దినచర్య పుస్తకం

మంగళ, శుక్రవారాల్లో వెలువడే వ్యవసాయ వాతావరణ సలహాలో ఈ అంకెలన్నీ చేర్చనవసరం లేదు. రైతుకు అవి భారమే. డ్రోను నడిపేవారికి, కొలతదారులకు మాత్రం మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ నెలలలో ‘చీకటి పడ్డాక సరిహద్దు కొలతలు వద్దు’ అన్న ఒక్క వాక్యం చాలు. కేపీ 7 దాటుతుందన్న సూచన ఉన్న రోజున స్వయంచాలిత పిచికారీకి ముందు ఖాళీ ట్యాంకుతో ఒక చుట్టు తిప్పి, గట్టు దాటుతున్నదేమో చూడాలి. పక్క చేనులో పడే కలుపు మందు నష్టం కంటే ఆ పది నిమిషాలు చవక.

విద్యార్థులు ఒక పట్టిక పెట్టుకొనవచ్చును. ఒకవైపు ఆనాటి రేడియో ప్రవాహం, కేపీ విలువలు. మరొకవైపు తమ గ్రాహకం చూపిన ఉపగ్రహాల సంఖ్య, స్థిర పరిష్కారం జారిపోయిన సమయం. నివేదికలోని వేళలు విశ్వకాలమానంలో ఉంటాయి కాబట్టి ఐదున్నర గంటలు కలపాలి. 12 నుండి 15 గంటల వరకు అని ఇచ్చిన కేపీ మనకు సాయంత్రం ఐదున్నర నుండి రాత్రి ఎనిమిదిన్నర వరకు వర్తిస్తుంది. బుడగలు లేచే వేళ ఆ గడిలో మొదలై తరువాతి గడిలోకి సాగుతుంది కనుక, ఈ రెండు గడులనూ విడిగా రాసుకోవాలి. రోజు మొత్తపు గరిష్ఠ విలువ ఒక్కటే రాస్తే పట్టిక దేనికీ అక్కరకు రాదు.