దగ్గు తగ్గింది కదా అని ఇన్‌హేలర్ బీరువాలో పెట్టేయకండి



నవంబరు వచ్చిందంటే క్లాసులో రెండు పెరుగుతాయి. ఒకటి స్పోర్ట్స్ డే కబుర్లు, రెండోది దగ్గు. మొదటి పీరియడ్‌లో అటెండెన్స్ తీసుకుంటుంటే "ప్రెజెంట్ మేడమ్" కంటే ముందు నాలుగు తుమ్ములు వినిపించే పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. డైరీ తెరిస్తే "జలుబు చేసింది, సిరప్ వేశాం" అని మీ సంతకం. రెండు వారాల తర్వాత తెరిచినా అదే వాక్యం. మామూలు జలుబు సాధారణంగా వారం, పది రోజుల్లో పోతుంది. నెలంతా ఉండే జలుబును, ప్రతి ఏడాది ఇదే నెలలో వచ్చే జలుబును కొంచెం అనుమానించాలి.

అలర్జీకి కొన్ని గుర్తులున్నాయి. జ్వరం ఉండదు. ముక్కు నుంచి నీళ్ళలా కారుతుంది. నిద్ర లేవగానే వరసగా తుమ్ములు, కళ్ళు ఎరుపెక్కి దురద, కొందరికి అంగిట్లో కూడా దురద. అరచేత్తో ముక్కును కింది నుంచి పైకి రుద్దుకుంటూ ఉంటారు. చూడటానికి సెల్యూట్ కొట్టినట్టుంటుంది కాబట్టి డాక్టర్లు దీన్ని అలర్జిక్ సెల్యూట్ అనే పిలుస్తారు. నెలల తరబడి అలా రుద్దితే ముక్కు మీద అడ్డంగా చిన్న గీత పడుతుంది. కళ్ళ కింద నల్లటి వలయాలు, నోరు తెరుచుకుని నిద్రపోవడం కూడా ఇందులో భాగమే. కళ్ళ కింద నలుపు కనబడగానే మనం ఫోన్‌ను తిడతాం. ఒక్కోసారి పాపం ఫోన్ తప్పేమీ ఉండదు.

ఆస్తమా దీనికి దగ్గరి చుట్టం. ముక్కు అలర్జీ ఉన్న పిల్లల్లో కొందరికి ఆస్తమా కూడా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్ళే గొట్టాల లోపలి పొర వాచి, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని, మధ్యలో కఫం చేరుతుంది. దారి సన్నబడటంతో గాలి వదిలేటప్పుడు పిల్లికూతలు వస్తాయి. అయితే పిల్లికూతలు లేవు కదా, ఆస్తమా కాదులే అనుకోకండి. చాలామంది పిల్లల్లో కనిపించేది దగ్గు మాత్రమే. అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున, పరుగెత్తాక, గట్టిగా నవ్వాక దగ్గు వస్తోందా? ఛాతీ పట్టేసినట్టుందని అంటున్నారా? ఇంట్లో ఎవరికైనా ఆస్తమా, ముక్కు అలర్జీ, లేదా బిడ్డకు పసితనంలో ఎగ్జిమా ఉందా? ఇవన్నీ పీడియాట్రీషియన్‌కు చెప్పండి. దగ్గు ఏ టైమ్‌లో వస్తోందో రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాసి తీసుకెళ్తే, మీరు పది నిమిషాలు వివరించేది వారికి ఒక నిమిషంలో అర్థమవుతుంది. ఐదారేళ్ళు దాటిన పిల్లలకు గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష కూడా చేయవచ్చు. ఆడుకుంటూనో, పల్లీలు తింటూనో ఉన్న చిన్నపిల్లలకు ఉన్నట్టుండి దగ్గు, పిల్లికూతలు మొదలైతే మాత్రం గొంతులో ఏదైనా ఇరుక్కుందేమో అనుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. అది అలర్జీ కథ కాదు.

మందుల షాపులో అడిగి కొనే జలుబు సిరప్‌ల గురించి ఒక మాట. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును 4 ఏళ్ళలోపు పిల్లలకు వాడొద్దని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించింది. ఇంట్లో ఉన్న సీసా లేబుల్ ఒకసారి చదవండి. పెద్ద పిల్లలకైనా ఇలాంటి పాతకాలపు అలర్జీ మందులు నిద్రమత్తు తెస్తాయి. ఉదయం సిరప్ తాగి వచ్చిన బిడ్డ గ్రామర్ పీరియడ్‌లో బెంచీ మీద వాలిపోతే నేను లేపను, కానీ ఆ రోజు పాఠం పోయినట్టే.

ఈ కాలంలోనే ఎందుకు ఎక్కువ? చలి ఉదయాల్లో పొగ, దుమ్ము పైకి పోకుండా నేలకు దగ్గరగా ఆగిపోతాయి. దీపావళి పొగ, కొన్నిచోట్ల వరి కొయ్యలు కాల్చే పొగ, ఆ తర్వాత సంక్రాంతికి అటక దులిపిన దుమ్ము, భోగి మంటలు వరసగా వస్తాయి. ఖాళీ స్థలాల్లో వానలకు ఏపుగా పెరిగిన వయ్యారిభామ పుప్పొడి కూడా చాలామందికి పడదు. ఆ మొక్కలను పీకే పని పిల్లలతో చేయించకండి.

అసలు దోషి మాత్రం తరచూ మన మంచం మీదే ఉంటుంది. పరుపులు, దిండ్లు, బొంతల్లో కంటికి కనిపించని డస్ట్ మైట్స్ బతుకుతాయి. ఎండాకాలమంతా అల్మరాలో ఉన్న రగ్గును దులిపి నేరుగా బిడ్డకు కప్పితే ఆ రాత్రికి దగ్గు ఖాయం. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. మెత్తటి బొమ్మలను మంచం మీద నుంచి తీసేయండి. చీపురుతో ఊడ్చేటప్పుడు బిడ్డ ఆ గదిలో ఉండకూడదు, వీలైతే తడిగుడ్డతో తుడవండి. గోడకు చెమ్మ, బూజు పట్టిన చోట మంచం వేయకండి. బొద్దింకలు కూడా ఆస్తమాను రేపుతాయి, రాత్రిపూట సింకులో ఎంగిలి గిన్నెలు వదలకపోవడం మంచిది.

ఇక పొగ. దోమల కాయిల్, సాంబ్రాణి, అగరుబత్తి, సిగరెట్, ఎండుమిర్చి తిరగమోత ఘాటు... ఊపిరి గొట్టాలకు వీటిలో భక్తి పొగ, వంట పొగ అని తేడా తెలియదు. కార్తీకమాసం కదా, దీపం పెట్టుకోండి, అగరుబత్తి ఒక్కటి మానండి. కాయిల్ బదులు దోమతెర కట్టండి. సిగరెట్ బాల్కనీలో తాగినా ఆ పొగ చొక్కాకు అంటుకుని లోపలికి వస్తుంది. నాన్నగార్లు ఈ వాక్యం ఇంకోసారి చదవాలని మనవి.

లంచ్ బాక్స్‌లలో పెరుగన్నం, అరటిపండు మాయమవడం కూడా నేను ఈ నెలలోనే చూస్తాను. ఒక ఆహారం తిన్న ప్రతిసారీ లక్షణాలు వస్తే డాక్టరుకు చెప్పి పరీక్ష చేయించండి. పక్కింటివారు చెప్పారని పాలు, పెరుగు, గుడ్డు అన్నీ ఆపేస్తే ఎదిగే బిడ్డకు మిగిలేది చారన్నం.

ఇప్పుడు ఇన్‌హేలర్. "అలవాటైపోతుంది", "చివరి దశలో వాడేది", "ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి" అనే మూడు మాటలూ పేరెంట్స్ మీటింగ్‌లో విన్నాను. ఇన్‌హేలర్ మత్తుమందు కాదు, అలవాటు కాదు. ఒక్కో పఫ్‌లో ఉండే మందు సాధారణంగా మైక్రోగ్రాముల్లో ఉంటుంది. టాబ్లెట్లు, సిరప్‌ల లెక్క మిల్లీగ్రాముల్లో. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. మందు నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది కాబట్టి అంత తక్కువ సరిపోతుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌తో ఎత్తు ఆగిపోతుందని భయపడేవారికి నిజం చెప్పాలి. ఏళ్ళ తరబడి వాడిన పిల్లల్లో ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చని పరిశోధనలో తేలింది. రాత్రిళ్ళు నిద్రలేక, నెలకోసారి నెబులైజర్ కోసం ఆసుపత్రికి పరుగెత్తే బాల్యంతో దాన్ని పోల్చి చూడండి.

ఇన్‌హేలర్లలో ముఖ్యంగా రెండు రకాలు. సాల్‌బ్యుటమాల్ లాంటిది రిలీవర్. కొన్ని నిమిషాల్లో గొట్టాలను తెరుస్తుంది, కానీ లోపలి వాపును తగ్గించదు. బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ కంట్రోలర్. ఇది రోజూ వాడాలి, పూర్తి ఫలితం కొన్ని వారాలకు తెలుస్తుంది. ఎక్కువ ఇళ్ళలో జరిగేది ఇక్కడే. కంట్రోలర్‌తో దగ్గు తగ్గుతుంది, తగ్గింది కదా అని అమ్మమ్మగారో మనమో ఆపేస్తాం, చలి ముదరగానే మళ్ళీ మొదటికి వస్తుంది. మోతాదు తగ్గించడం, ఆపడం డాక్టరు చెప్పినట్టే చేయాలి. రిలీవర్ అవసరం వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ పడుతుంటే ఆస్తమా అదుపులో లేనట్టే.

పిల్లలకు స్పేసర్ తప్పనిసరి అనుకోండి. చిన్నవాళ్ళకు మాస్క్‌తో, పెద్దవాళ్ళకు నోట్లో పెట్టుకునేది. ఇన్‌హేలర్‌ను బాగా ఊపి, ఒకసారికి ఒక్క పఫ్ మాత్రమే వదలాలి. స్పేసర్‌ను సబ్బునీళ్ళలో కడిగి గుడ్డతో తుడవకుండా ఆరనివ్వండి, తుడిస్తే లోపల మందు గోడలకు అంటుకుంటుంది. స్టెరాయిడ్ తీసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మాలి.

జూన్‌లో మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం వేలాదిమంది వస్తారు. వెళ్ళడం, వెళ్ళకపోవడం మీ నమ్మకం. ఆ మరుసటి రోజు నుంచి ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.

స్పోర్ట్స్ డే ప్రాక్టీస్ మొదలైంది కాబట్టి, "మా వాణ్ణి ఆటల నుంచి మినహాయించండి" అన్న లెటర్లు వస్తున్నాయి. 2003లో మహిళల మారథాన్ ప్రపంచ రికార్డు నెలకొల్పిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు చిన్నప్పటి నుంచీ ఆస్తమానే. అదుపులో ఉన్న ఆస్తమాకు ఆట అడ్డు కాదు. పరుగుకు ముందు పది నిమిషాల వార్మప్, డాక్టరు రాస్తే ముందుగా ఒక డోసు రిలీవర్ చాలు. పొగమంచు దట్టంగా ఉన్న రోజు, దగ్గు ఎక్కువగా ఉన్న రోజు కూర్చోబెడతాం. సంవత్సరమంతా గ్రౌండ్ గట్టు మీద మిగతా పిల్లల బ్యాగులకు కాపలా కూర్చోవడం ఏ బిడ్డకూ ఇష్టం ఉండదు.

ఎటాక్ వస్తే: కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి. డాక్టరు రాసిచ్చిన ప్లాన్ ఉంటే అదే పాటించండి. లేకపోతే రిలీవర్‌ను స్పేసర్‌తో ఒక్కొక్కటిగా 4 పఫ్‌లు, ఒక్కో పఫ్‌కు 4 ఊపిర్లు. 4 నిమిషాలు ఆగండి, తగ్గకపోతే మళ్ళీ 4. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేదాకా అలాగే ఇస్తూ ఉండండి. వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా, ఊపిరికి పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, పెదవులు నీలమవుతున్నా లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ముందే 108కి చేయండి.

ఇదంతా స్కూల్లో చేయాలంటే మాకు తెలియాలి. అడ్మిషన్ ఫామ్‌లో ఆరోగ్య సమస్యల కాలమ్ దగ్గర చాలామంది "నిల్" అని రాస్తారు. ఆస్తమా ఉందని రాస్తే మార్కులు తగ్గవు, సీటు పోదు, పక్క బిడ్డకు అంటుకోదు. రాయకపోతే మాత్రం ఎటాక్ వచ్చిన నిమిషంలో మా దగ్గర మీ ఫోన్ నంబరు తప్ప ఏమీ ఉండదు, మీరేమో ట్రాఫిక్‌లో ఉంటారు. ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చేటప్పుడు డాక్టరు ప్రిస్క్రిప్షన్ జిరాక్స్, పేరు, సెక్షన్ రాసిన రిలీవర్, స్పేసర్ ఒక పౌచ్‌లో పెట్టి తెచ్చి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. ఎక్స్‌పైరీ తేదీ, డోస్ కౌంటర్ చూసి మరీ తేండి. మీ అబ్బాయి లేదా అమ్మాయి ఏం జరిగితే దగ్గు మొదలవుతుందో ఒక చీటీ మీద తెలుగులో రాసినా సరే, మేము చదువుకుంటాం.