ఇంటి ఫైర్‌వాలే మీ తొలి ల్యాబ్

నెట్‌వర్కింగ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో సబ్‌నెట్ లెక్కలు గడగడా చెప్పేవాళ్లకు కొదవ లేదు. ‘మీ చేతుల మీదుగా నడిచిన నెట్‌వర్క్ ఎప్పుడైనా ఆగిపోయిందా? ఎలా కనిపెట్టారు?’ అనగానే మాత్రం నీళ్లు నములుతారు. కోచింగ్ ల్యాబ్‌లో అన్నీ ముందే అమర్చి ఉంటాయి, ఆగిపోయే సందర్భమే రాదు. ఆ అనుభవం సంపాదించే చోటు మన ఇల్లే. ఒక పాత కంప్యూటర్, ఉచిత ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్, వీలైతే ఒక స్టాటిక్ ఐపీ (మారని పబ్లిక్ చిరునామా) ఉంటే సరి.

స్టాటిక్ ఐపీ ఎందుకంటే..

ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపినా సుమారు 429 కోట్లే. ప్రాంతీయ సంస్థలకు పంచే ప్రపంచ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది. అందుకే చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో ఒక పబ్లిక్ చిరునామాను ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి. దీన్నే సీజీనాట్ అంటారు. మీ రౌటర్ వ్యాన్ పేజీలో 100.64 నుంచి 100.127 వరకు దేనితోనైనా మొదలయ్యే చిరునామా కనిపిస్తే మీదీ ఆ కోవలోదే. మీరు బయటికి వెళ్లొచ్చు గానీ, బయటి నుంచి నేరుగా మీ ఇంటికి రాలేరు. స్టాటిక్ ఐపీ తీసుకుంటే ఆ దారి తెరుచుకుంటుంది. కాపలా కాసే పనీ మీ మీద పడుతుంది. నేర్చుకోవాల్సింది అదే.

స్టాటిక్ ఐపీకి అదనపు రుసుము ఉంటుంది కాబట్టి మొదటి రోజే తీసుకోవద్దు. వర్చువల్‌బాక్స్‌లో ఓ నెల సాధన చేసి, చేయి తిరిగాక తీసుకోండి.

ఏమేం కావాలి?

4 జీబీ ర్యామ్ ఉన్న పాత 64 బిట్ డెస్క్‌టాప్ మొదలుపెట్టడానికి చాలు. ల్యాన్ పోర్టులు రెండుండాలి. ఒకటే ఉంటే ఇంకో కార్డు వేయించండి. సాఫ్ట్‌వేర్‌గా ఓపీఎన్‌సెన్స్ తీసుకోవచ్చు. ఇది 2015లో పీఎఫ్‌సెన్స్ నుంచి విడిపోయి వచ్చింది, ఫ్రీబీఎస్‌డీ మీద నడుస్తుంది. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్ తనంతట తానే ఆన్ అయ్యేలా బయాస్‌లో మార్చుకోవడం మరవద్దు.

అమరిక వరుస

- ప్రొవైడర్ నుంచి నాలుగు వివరాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఐపీ, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్ఎస్. కొందరు పీపీపీఓఈ యూజర్‌నేమ్ మీదే స్టాటిక్ ఐపీ ఇస్తారు, అదీ అడగండి.
- ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమనండి. లేకపోతే దాని నాట్, మీ నాట్ ఒకదాని మీద ఒకటి పడతాయి.
- ఓపీఎన్‌సెన్స్ ల్యాన్ చిరునామా మామూలుగా 192.168.1.1 ఉంటుంది. ఫైబర్ పెట్టెదీ అదే అయితే రెండూ తగవుపడతాయి. మీది 192.168.50.1గా మార్చండి.
- ఇన్‌స్టాల్ అవగానే పాస్‌వర్డ్ మార్చండి. ఫైర్‌వాల్ అడ్మిన్ పేజీని వ్యాన్ వైపు ఎప్పుడూ తెరవద్దు. బయటి నుంచి ఇంటికి రావాలంటే వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టుకుని, దాని పోర్టు ఒక్కటే తెరవండి.

ఒక అంకె తప్పు

మొదటిసారి నేను ఐపీ, గేట్‌వే సరిగానే కొట్టి మాస్క్ దగ్గర పొరబడ్డాను. 255.255.255.252 ఉండాల్సిన చోట అలవాటుగా 255.255.255.0 అని వేశాను. నెట్ శుభ్రంగా వచ్చింది. వీడియోలు ఆడాయి, వెబ్‌సైట్లు తెరుచుకున్నాయి. అదే ప్రొవైడర్ దగ్గర స్టాటిక్ ఐపీ ఉన్న మిత్రుడి సర్వర్ ఒక్కటే తెరుచుకోలేదు. మొబైల్ డేటాతో చూస్తే వచ్చేది. రెండు రోజులు అతని ఫైర్‌వాల్‌నే అనుమానించాను.

ఏ ఐపీ ఏ పరికరానిదో చూపే ఏఆర్‌పీ పట్టిక చూస్తే గుట్టు తెలిసింది. .252 మాస్క్‌లో ఉండేవి 4 చిరునామాలు, వాడుకోగలిగేవి 2: ఒకటి గేట్‌వేది, ఒకటి నాది. .0 అని వేసేసరికి 256 చిరునామాలూ నా వాకిట్లోనే ఉన్నాయని ఫైర్‌వాల్ నమ్మింది. మిత్రుడి చిరునామా ఆ 256లో ఒకటి. గేట్‌వేకు పంపాల్సిన ప్యాకెట్ కోసం వాకిట్లోనే నిలబడి కేకేసింది. పలికేవాళ్లెవరు? ఒక్క అంకె మార్చగానే సర్వర్ తెరుచుకుంది. సబ్‌నెట్ మాస్క్ ఎందుకో పుస్తకంలో చదివిందంతా నాకు అర్థమైంది ఆ రోజే.

ఉద్యోగానికి పనికొచ్చేదిలా..

సీసీఎన్‌ఏ 200-301 సిలబస్‌లోని సబ్‌నెట్టింగ్, నాట్, డీహెచ్‌సీపీ, యాక్సెస్ లిస్టుల వెనక ఉన్న ఆలోచనంతా ఇక్కడ చేతికి తగులుతుంది. సిస్కో కమాండ్లు మాత్రం ప్యాకెట్ ట్రేసర్‌లో విడిగా సాధన చేయాలి.

సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) అనలిస్ట్ కావాలనుకునేవాళ్లు ఫైర్‌వాల్ లాగ్ తెరిచి కూర్చోండి. పబ్లిక్ ఐపీ వచ్చాక ఎంతోసేపు పట్టదు, ముక్కూమొహం తెలియని చిరునామాలు 22, 23, 3389 పోర్టుల తలుపు తడుతుంటాయి. ఎస్ఎస్‌హెచ్, టెల్‌నెట్, రిమోట్ డెస్క్‌టాప్ తెరిచి ఉన్నాయేమోనని వెతికే ఆటోమేటిక్ స్కాన్లవి. ఏది మామూలు చప్పుడో, ఏది పట్టించుకోవాల్సిందో తేల్చడమే సాక్‌లో తొలి మెట్టు.

నాక్ (నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్) ఇంజినీర్, ఎల్1 సపోర్ట్ ఉద్యోగాలకు ఇంట్లోవాళ్లే మీ కస్టమర్లు. చెల్లి ఆన్‌లైన్ క్లాసు మధ్యలో ప్రయోగం మొదలుపెడితే ‘అన్నయ్యా, నెట్ పోయింది!’ అన్న కేక వస్తుంది. అదే మీ మొదటి టికెట్. ఆ తర్వాత మార్పులన్నీ రాత్రి పదకొండు దాటాకే చేస్తారు, చేసే ముందు కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసుకుంటారు. కంపెనీల్లో మెయింటెనెన్స్ విండో అనేది దీన్నే.

ఓ నోటుపుస్తకం పెట్టుకోండి. తేదీ, ఏం మార్చారు, ఏం పాడైంది, దేన్ని చూసి కనిపెట్టారు.. ఈ నాలుగూ రాయండి. రెజ్యూమెలో ‘నెట్‌వర్కింగ్‌లో పరిజ్ఞానం’ అన్న వాక్యం తీసేసి ‘స్టాటిక్ ఐపీతో ఇంటి ఫైర్‌వాల్‌ను ఆరు నెలలు నిర్వహించాను’ అని, నిజంగా నిర్వహించాకే, పెట్టండి. ఏం పాడైందని అడిగితే ఆ పుస్తకంలోని ఒక పేజీ చెబితే చాలు.