మూడు చుట్లు చేత్తో తిరిగాకే పానా

జనవరి చలి, ఆదివారం రాత్రి పదిన్నర. ఇంగ్లండ్‌లో మా ఇంటి గ్యారేజీలో అట్టముక్క పరుచుకుని, సగం కట్టిన కారు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. బ్రేకు పైపుల్లో అదే ఆఖరి నట్టు. చేత్తో ఒక్క చుట్టు తిరిగి పట్టేసింది. ఇదొక్కటీ అయిపోతే లేచి అన్నం తినొచ్చన్న ఆత్రంలో పానా పెట్టి బలంగా తిప్పాను. తిరిగింది. మర అడ్డం పడి తిరిగింది.

ఆ సంగతి వారం తర్వాత బయటపడింది. బ్రేకు ఆయిల్ పోసి పడుకుంటే, తెల్లారేసరికి ఆ నట్టు దగ్గర బొట్టు బొట్టుగా కారి, కింద నేను చేత్తో వేసుకున్న పెయింటును బుడగలు లేపేసింది. బ్రేకు ఆయిల్ పెయింటును తినేస్తుందని చదివానే గానీ కళ్లారా చూడటం అదే మొదలు. మరలు పోయిన ఇత్తడి ముక్క ఖరీదు కొద్ది పౌండ్లే. దాన్ని మార్చాలంటే పైపులు విప్పాలి, పెయింటు గీకాలి, మళ్లీ వేసి ఆరనివ్వాలి, బిగించాలి, ఎయిర్ తీయాలి. మూడు వారాంతాలు పోయాయి.

విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా లారీలు బాగుచేస్తున్న మా బాబాయికి ఫోన్ చేశాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"చేత్తో ఎన్ని చుట్లు తిరిగిందిరా?"

"ఒకటి, బాబాయ్."

"మూడు చుట్లు చేత్తో తిరగందే పానా ముట్టుకోకూడదురా. చేతికి లొంగలేదంటే అది నీకేదో చెబుతోందని అర్థం. వెనక్కి తిప్పి, తీసి, తుడిచి, మళ్లీ మొదలెట్టాలి."

ఫోన్ పెట్టేశాక నా లెక్కల పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివాను. చేత్తో తిరగకముందే పానా పెట్టిన చోట్లు అందులో ఇంకా చాలా కనిపించాయి.

కిట్ కారు అంటే ఏమిటో తెలియనివారికి రెండు మాటలు. ఛాసిస్, బాడీ రేకులు, సస్పెన్షన్ వగైరా డబ్బాల్లో ఇంటికొస్తాయి. కారుగా పేర్చుకోవలసింది మనం. బ్రిటన్‌లో ఇది పాత అలవాటు. అప్పట్లో కొత్త కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. కాలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన లోటస్ సెవెన్ అలా డబ్బాల్లో చాలా ఇళ్లకు చేరింది. 1973 ఏప్రిల్‌లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది, దాంతో ఆ లాభమూ పోయింది. అదే ఏడాది లోటస్ నుంచి ఆ సెవెన్ కేటర్‌హామ్ చేతికి వెళ్లింది. నేటికీ వాళ్లు దాన్ని డబ్బాల్లో అమ్ముతూనే ఉన్నారు. పన్ను లాభం పోయి యాభై ఏళ్లు దాటినా మనుషులు గ్యారేజీల్లో కూర్చుని కార్లు కడుతున్నారంటే, వాళ్లకు దక్కుతున్నది డబ్బు కాదు. ఏం దక్కుతోందో తెలుసుకోవాలంటే ముందు ఖర్చు తేల్చుకోవాలి.

1996లో రాన్ చాంపియన్ అనే ఆయన రాసిన పుస్తకం ఒకటి ఇక్కడ బాగా పేరుపడింది. 250 పౌండ్లకే మీ స్పోర్ట్స్ కారు మీరే కట్టుకోవచ్చని అట్ట మీదే రాసి ఉంటుంది. పాత ఫోర్డ్ ఎస్కార్ట్‌లోంచి భాగాలు ఊడదీసుకుని, ఇనుప గొట్టాలు తానే కోసి అతుక్కుని, దొరికిన ప్రతిదీ వాడుకునే మనిషి లెక్క అది. నాకు వెల్డింగ్ రాదు, మెషీన్ లేదు, పారేసిన సామాను ఎక్కడ దొరుకుతుందో తెలియదు. ఆ లెక్క నాకెలా సరిపోతుంది? ఎవరైనా "నాకింతే అయింది" అన్నప్పుడు, "మొదలుపెట్టేనాటికి మీ దగ్గర ఏమేం ఉన్నాయి?" అని అడగండి. ఇల్లు కట్టినవాణ్ణి, హోటల్ పెట్టినవాణ్ణి, ఉద్యోగం చేస్తూ గ్రూప్స్ రాసి నెగ్గినవాణ్ణి ఇదే అడగండి. మేస్త్రీ అయిన మావయ్య, సొంత స్థలం, వండిపెట్టే అమ్మ... వాళ్లు లెక్కలో వేయని పెట్టుబడి అప్పుడు బయటికొస్తుంది.

నా పుస్తకంలో ఎడమ పేజీలో కిట్ ధర ఒక్కటే ఉంది. కుడి పేజీ నిండిపోయి వెనక్కి తిరిగింది. ఇంజిన్, గేరుబాక్సు, టైర్లు వేరు. డబ్బాలు తెచ్చిన లారీ కిరాయి వేరు. టార్క్ రెంచ్, ఇంజిన్ ఎత్తే క్రేన్, కారు ఎత్తి నిలబెట్టే స్టాండ్లు, రివెట్లు కొట్టే గన్ను, విరిగిన డ్రిల్ బిట్లు, గ్యారేజీలో హీటరు. పెద్ద వస్తువులేవీ నన్ను దెబ్బతీయలేదు, వాటికి ముందే సిద్ధంగా ఉన్నాను. నాలుగు పౌండ్లు, తొమ్మిది పౌండ్లు, పన్నెండు పౌండ్లు... ఆ వరస కూడితే కళ్లు తిరిగాయి. కిట్ ధరకు ముప్పావు వంతు మళ్లీ బయట పెట్టాను. ఏ పనైనా మొదలెట్టేముందు 'ఇందులో కలవనివి' అని ఒక పేజీ రాసుకోండి. రాసేటప్పుడు బద్ధకంగానే ఉంటుంది. అయినా రాయండి. మొదటి చుట్టు అదే.

రెండో చుట్టు, సమయం. ఐదు నెలలు అనుకున్నాను, పదహారు పట్టింది. ఇది నా ఒక్కడి బలహీనత కాదని తర్వాత తెలిసింది. 1994లో రోజర్ బ్యూలర్, ఇద్దరు సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. పట్టింది 55 పైచిలుకు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్నాళ్లని అడిగితే దాదాపు 49 అన్నారు. చెడ్డ రోజులు ఊహించి వేసిన లెక్క కూడా తక్కువే పడింది. మనం పనిని ఊహించుకుంటాం, పనికి అడ్డొచ్చేవాటిని ఊహించుకోం. జ్వరం, ఆఫీసు ఒత్తిడి, తప్పు సైజు బోల్టు, ఇండియా ప్రయాణం, ఇవేవీ ప్లానులో ఉండవు. అందుకే "నేనెంత వేగంగా చేయగలను" అని లెక్క వేయకండి. గతంలో ఇలాంటి పని మీకు నిజంగా ఎన్నాళ్లు పట్టిందో చూడండి, అదే మీ లెక్క.

మూడో చుట్టు దగ్గర కాస్త ఆగాలి. నేను తప్పు చేసింది ఇక్కడే.

ఆ పదహారు నెలల సమయం నాది కాదు. ఐదో నెల దాటాక ఒక ఆదివారం మా ఆవిడ గ్యారేజీ తలుపు దగ్గర నిలబడింది. చేతిలో రెండు టీ కప్పులు. నాదొకటి అందించి, తనది తాగకుండానే అంది: "ఏవండీ, మీరు కారు కట్టొద్దని నేననను. మీ ముఖంలో సంతోషం నాకూ కనిపిస్తోంది. కానీ ఏ ఆదివారం మాది, ఏ ఆదివారం కారుదో ముందే చెప్పండి. ఎదురుచూడటం కష్టంగా ఉంది."

ఎదురుచూడటం. ఆ పద్దు నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు. పాపను డాన్స్ క్లాసుకు ఐదు నెలలుగా ఎవరు తీసుకెళ్తున్నారో నాకు గుర్తే లేదు. "ఇంకో గంటలో వచ్చేస్తా" అన్న మాట ఎన్నిసార్లు అని ఉంటానో! ఆ గంటలకు వడ్డీ కట్టింది ఇంకొకరు.

ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో రాసుకున్నాం. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా గ్యారేజీ. ఆరింటికి లైటు ఆర్పాలి, పని మధ్యలో ఉన్నా సరే. ఆదివారం పూర్తిగా ఇంటిది. జనవరిలో నేను మర పాడుచేసింది ఆ మాట తప్పిన ఆదివారమే. మీ కలకు ఇంట్లో ఎవరెవరు సమయం చెల్లిస్తున్నారో వాళ్లను ముందు అడగండి. పని నడుస్తుండగా చెప్పడం, తర్వాత క్షమాపణ అడగడం దానికి సమానం కావు. అడిగి చేసినవాడికి ఇంటి నుంచి సాయం వస్తుంది. అడగకుండా చేసినవాడికి మౌనం వస్తుంది.

సగంలో ఆగిపోయిన కిట్ కార్లు ఇక్కడ అమ్మకానికి కనిపిస్తూనే ఉంటాయి. పెట్టిన డబ్బులో కొంతే చేతికొస్తుంది. వాటి ఫోటోలు చూస్తే నాకు గుండె పిండినట్టవుతుంది, వెనకాల ఒక మనిషి ఎన్ని రాత్రులు పెట్టాడో ఊహించగలను గనక. మైఖేల్ నార్టన్, ఇద్దరు తోటి పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మన చేత్తో కట్టిన వస్తువుకు మనం ఎక్కువ విలువ ఇస్తామని అందులో తేల్చారు. పూర్తిచేయలేకపోయినప్పుడు ఆ మమకారం కలగలేదనీ తేల్చారు. చెమట ఒక్కటే సరిపోదు, చివరి బోల్టు పడాలి.

అందుకు నాకు పనికొచ్చినది చిన్న అలవాటే. ప్రతి శనివారం లైటు ఆర్పేముందు, వచ్చేవారం మొట్టమొదట ముట్టుకోవలసిన పనిని చీటీ మీద రాసి స్టీరింగ్‌కు అంటించేవాణ్ణి. "ఎడమ ముందు చక్రం, కింది బోల్టు, 19 నంబరు పానా." అంతే. వారం తర్వాత తలుపు తీస్తే ఎక్కడ మొదలెట్టాలా అన్న బరువు ఉండదు, చెయ్యి పానా మీదికి వెళ్తుంది. విప్పే ప్రతి వస్తువునూ ముందు ఫోటో తీయడం రెండో అలవాటు. వాహనాల మాన్యువల్స్‌తో ప్రపంచానికి తెలిసిన జాన్ హేన్స్ చేసిందీ ఇదే. ఏడెన్‌లో వైమానిక దళంలో ఉన్నప్పుడు సహోద్యోగి పాత స్ప్రైట్ కారు బాగుచేస్తూ, కంపెనీ ఇచ్చిన పుస్తకం మామూలు మనిషికి పనికిరాదని గ్రహించి, విప్పుతూ బిగిస్తూ మెట్టు మెట్టుకూ ఫోటోలు తీశాడు. 1966లో వచ్చిన ఆ వరస మొదటి మాన్యువల్ ఆ కారుదే.

కారు పూర్తయ్యాక సర్కారు పరీక్ష ఉంటుంది. మన దేశంలోనైతే సొంతంగా పేర్చిన కారుకు నంబరు రావడం దాదాపు అసాధ్యం. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. బ్రిటన్‌లో ఒక్కొక్క కారునూ విడిగా పరీక్షించి ఆమోదిస్తారు. ఆ పరీక్ష పేరు ఐవీఏ. బయటికి పొడుచుకొచ్చిన అంచులు 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్థానికి తగ్గకుండా గుండ్రంగా ఉండాలి, పాదచారికి తగిలినా కోసుకోకూడదని. మలుపు తిప్పి వదిలితే స్టీరింగ్ తనంతట తాను తిన్నగా అయ్యేందుకు వెనక్కి రావాలి. బ్రేకులు, లైట్లు, అద్దాలు, శబ్దం, పొగ, అన్నీ చూస్తారు.

మొదటిసారి ఫెయిలయ్యాను. రెండు కారణాలు: ఒక బ్రాకెట్ అంచు పదునుగా ఉంది, స్టీరింగ్ సరిగా వెనక్కి రావడం లేదు. నా పదహారు నెలల కష్టానికి జవాబుగా ఒక కాగితం. తిరిగొస్తూ దారంతా కళ్లు చెమ్మగిల్లాయి. ఇంటికొచ్చి మళ్లీ చదివితే, అందులో "నువ్వు పనికిరావు" అని ఎక్కడా లేదు. "ఈ అంచు, ఈ స్టీరింగ్" అని మాత్రమే ఉంది. అంచుకు రబ్బరు పట్టీ సరిపోయింది. ముందు చక్రాల అమరిక కొంచెం మార్చాక స్టీరింగ్ దారికొచ్చింది. తప్పును మనిషి నుంచి విడదీసి కాగితం మీద పెట్టి చూడటం నేను నేర్చుకున్నది ఆ రోజే. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా నా పనిలో లోపం చూపిస్తే అదే కాగితంలా చదువుతాను: ఏ అంచు? ఏ స్టీరింగ్?

ఇంకొకటి దక్కింది, ఏ కంపెనీ బ్రోచరులోనూ రాయనిది. బ్రేకుల్లో ఎయిర్ తీయడానికి నేను ఎంచుకున్న పద్ధతికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కాలి, ఇంకొకరు చక్రం దగ్గర నట్టు వదులు చేసి మళ్లీ బిగించాలి. మా తొమ్మిదేళ్ల పాప సీట్లో కూర్చుంది, కాలు అందక వెనకాల దిండు పెట్టాం. "నొక్కు." "నొక్కాను నాన్నా." "పట్టుకో... ఇప్పుడు వదులు." పారదర్శకమైన గొట్టంలో ముందు బుడగలు, తర్వాత చిన్న బుడగలు, ఆఖరికి తేటగా ఆయిల్. నాలుగు చక్రాలకూ గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో తను స్కూల్లో స్నేహితురాలితో పడిన గొడవ మొత్తం చెప్పింది. ముఖాలు కనిపించకుండా, చేతులు పనిలో ఉండగా, పిల్లలు ఎంత మాట్లాడతారో!

ఆ రోజు నుంచి పసుపు పెయింటు పెన్ను తన అధీనంలోకి వెళ్లిపోయింది. టార్క్ రెంచ్ 'టక్' మనగానే, నట్టు మీద నుంచి పక్కనున్న లోహం మీదికి తను ఒక గీత గీస్తుంది. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. చూస్తే తెలిసిపోతుంది.

కారు రోడ్డెక్కి మొదటి వంద మైళ్లు పూర్తయిన శనివారం బాబాయి ఫోన్ చేశాడు. "ఎంత స్పీడు పోతోందిరా?" అని అడుగుతాడనుకున్నాను. "నట్లన్నీ మళ్లీ చూశావా?" అన్నాడు.

ఫోన్ స్పీకర్లో పెట్టి కారును స్టాండ్ల మీదికి ఎత్తాం. పాప టార్చి పట్టుకుని కిందికి దూరింది. ఒక్కొక్క పసుపు గీతనూ లెక్కపెడుతోంది. బాబాయి అటువైపు లారీల హోరులో వింటున్నాడు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది.

"నాన్నా, ఇది విడిపోయింది."

వెనక ఎడమ వైపు, కింది బోల్టు. గీత మధ్యలో దారమంత ఖాళీ.

"ముందు చేత్తో చూడమ్మా," అన్నాడు బాబాయి ఫోన్లోంచి.